రాత్రి పదకొండున్నర, చీకటి సందు, చేతిలో ఏముండాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 25 ఏళ్లు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. షిఫ్ట్ రాత్రి 11 గంటలకి అయిపోతుంది. కంపెనీ క్యాబ్ ఉంది కానీ మెయిన్ రోడ్డు మీద దింపేసి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి కొండాపూర్‌లో మా హాస్టల్‌కి అర కిలోమీటరు సందులో నడవాలి. మధ్యలో కడుతున్న అపార్ట్‌మెంట్ ఒకటి, ఖాళీ ప్లాట్లు రెండు ఉన్నాయి. రెండు స్ట్రీట్ లైట్లు వెలగవు. రెండు వారాల కిందట బైక్ మీద ఒకడు నా పక్కనే నెమ్మదిగా నడుపుతూ, "డ్రాప్ చేయనా" అంటూ గేటు దాకా వచ్చాడు. అప్పటి నుంచి క్యాబ్ ఎక్కగానే టెన్షన్ మొదలవుతోంది. అమ్మ కారం పొట్లం కట్టి పంపింది. అన్నయ్య ఆన్‌లైన్‌లో మడత కత్తి కొనిచ్చాడు. పెప్పర్ స్ప్రేకి లైసెన్సు కావాలని నా రూమ్మేట్ అంటోంది. నిజమేనా? నేను ఎవరి మీదైనా ఏదైనా వాడితే కేసు నా మీదే పడుతుందా? మా చెల్లి సెప్టెంబర్‌లో చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్తోంది, దానికీ ఒక స్ప్రే కొనివ్వనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, నువ్వు నా కూతురి ఈడుదానివి, అందుకని నువ్వు అనే రాస్తున్నాను.

ముందు నీ రూమ్మేట్ సందేహం తీర్చేస్తాను. మన దేశంలో పెప్పర్ స్ప్రేకి లైసెన్సు అక్కర్లేదు. మందుల షాపులో, ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. 2019 డిసెంబర్‌లో, శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగిన కొద్ది రోజులకే, హైదరాబాద్ మెట్రో కూడా ఆడవాళ్లు స్ప్రే వెంట తెచ్చుకోవచ్చని ప్రకటించింది. విమానంలో మాత్రం చేతి బ్యాగులో తీసుకెళ్లనివ్వరు.

కేసు భయం గురించి. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లన్నీ ఆత్మరక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలోనూ ఉన్న హక్కే ఇది, నంబర్లు మారాయంతే. నీ ఒంటి మీద దాడి జరుగుతుందని సహేతుకమైన భయం కలిగితే చాలు, హక్కు అప్పుడే మొదలవుతుంది. వాడు చెయ్యి వేసేదాకా ఆగాలని ఎక్కడా లేదు. అత్యాచారం చేయబోయినా, ఎత్తుకుపోబోయినా, యాసిడ్ పోయబోయినా ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకు కూడా ఎదిరించే హక్కు ఇస్తుంది 38వ సెక్షన్. అయితే 37వ సెక్షన్ ఒక హద్దు పెట్టింది. తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి గాయపరచకూడదు. అంటే మీదికొచ్చిన వాడి కళ్లలో స్ప్రే కొట్టి పరుగెత్తావంటే చట్టం నీ పక్కనుంది. వాడు కళ్లు మూసుకుని కింద కూర్చున్నాక వెనక్కి వెళ్లి రాయెత్తి కొట్టావంటే చిక్కు మొదలవుతుంది. పోలీసులు వచ్చి వివరాలు అడగరని నేను చెప్పను. అడుగుతారు. జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వే ముందు ఫోన్ చేసి ఉంటే ఇంకా మంచిది.

ఆ మడత కత్తి మాత్రం అన్నయ్యకి తిరిగిచ్చెయ్యి. ప్రేమతోనే కొనిచ్చాడు, కాదనను. కానీ కత్తి వాడాలంటే వాడు నీకు మూరెడు దూరంలో ఉండాలి. నీకు కావలసిందేమో వాడు నీకు ఎంత దూరంగా ఉంటే అంత. పైగా మనిషి ఒంట్లో కత్తి దించడం నువ్వూ నేనూ అనుకున్నంత తేలిక కాదు. చెయ్యి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ క్షణంలో నీకంటే బలమైనవాడు మణికట్టు పట్టుకుంటే కత్తి వాడిదైపోతుంది. ఇక లోతుగా దిగిందంటే, అంత గాయం అవసరమైందా అన్న ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మామిడికాయలు కోసుకోవడానికి హాస్టల్లో ఉంచుకుంటానంటే నీ ఇష్టం, సందులోకి మాత్రం వద్దు.

తుపాకీ ఆలోచన కూడా ఒకప్పుడు మన ప్రభుత్వానికే వచ్చింది. ఢిల్లీలో 2012 డిసెంబర్ 16 ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్ తయారుచేసి ఆడవాళ్ల కోసమని అమ్మకానికి పెట్టింది. బరువు అర కిలో, ధర రూ. 1,22,000 పైమాట. లైసెన్సు వేరే. రాత్రి షిఫ్టు చేసే నర్సు, చివరి బస్సుకి బట్టల షాపు మూసి ఇంటికెళ్లే అమ్మాయి లక్షా ఇరవై వేలు పెట్టి తుపాకీ కొనాలా? ఆ రోజు పేపర్లో ఆ వార్త చదివి ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. షాక్ కొట్టే టార్చ్‌ల జోలికీ వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో దొరికినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. పైగా అవి పనిచేయాలంటే వాడికి ఆనించాలి, అంటే మళ్లీ ఆ మూరెడు దూరమే.

ఇప్పుడు మీ అమ్మగారి కారం పొట్లం. మా అమ్మా నాకు కట్టిచ్చింది. అందులో ఉన్న ధైర్యం అమ్మది, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఒకసారి హాస్టల్ డాబా మీద ప్రయత్నించి చూడు. బ్యాగ్ జిప్ తియ్యాలి, పొట్లం వెతకాలి, విప్పాలి, గుప్పిట పట్టాలి, విసరాలి. ఈలోపు వాడు ఊరుకోడు. నాలుగు నెలలు బ్యాగులో పడి ఉన్న కారం గడ్డ కట్టి ఉంటుంది. కొంచెం గాలి ఎదురుగా ఉన్నా నీ కళ్లలోనే పడుతుంది. ఆ కారం పప్పులో వేసుకో.

స్ప్రేలో ఉండేదీ మిరపకాయ ఘాటే, కాకపోతే నూనెలా తీసి, ఒత్తిడితో డబ్బాలో నింపుతారు. కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, ఊపిరి ఆడనట్టు దగ్గు తెరలు వస్తాయి. అరగంట దాకా మనిషి తేరుకోలేడు. ఆరేడు అడుగుల దూరం నుంచే కొట్టొచ్చు. అన్నిట్లోకీ నేను దీనికే ఓటు వేస్తాను. కానీ కొని బ్యాగులో పడేస్తే పని అయిపోయిందనుకోకు. నాకు జరిగింది చెప్తాను విను.

మా అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పుడు ఒక స్ప్రే కొనిచ్చాను. మూడేళ్ల తర్వాత ఒక పండక్కి వచ్చినప్పుడు దాని బ్యాగు సర్దుతుంటే అట్టడుగున, ఛార్జర్ వైరు చుట్టుకుని కనిపించింది. డాబా మీదికి తీసుకెళ్లి గోడ వైపు పెట్టి నొక్కాను. పిచికారీ రాలేదు. మూతి దగ్గర ఎర్రగా రెండు చుక్కలు వచ్చి నా వేలి మీదకి కారాయి. డబ్బా అడుగున తేదీ చూస్తే అప్పటికి ఏడాది కిందటే గడువు అయిపోయింది. ఏడాది పాటు నా బిడ్డ పనిచేయని డబ్బా నమ్ముకుని రాత్రిళ్లు తిరిగిందన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే కొత్తవి రెండు కొన్నాం, ఒకటి వెంట ఉంచుకోవడానికి, ఒకటి నేర్చుకోవడానికి. మొదటిసారి నేను కొట్టినప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. పోపులో ఎండుమిరపకాయలు మాడితే ఇల్లంతా పొలమారుతుందే, దానికి పదింతలు. తల్లీకూతుళ్లం ఇద్దరం చల్లటి నీళ్లతో కళ్లు కడుక్కుంటూ కుళాయి దగ్గర అరగంట కూర్చున్నాం. కళ్లు నలపకూడదు, నలిపితే ఇంకా పాకుతుంది. రెండోసారి గాలి వీపుకి తగిలేలా నిలబడి కొట్టాం. లాక్ ఏ వైపుకి తిప్పితే తెరుచుకుంటుందో చీకట్లో బొటనవేలికి తెలిసేదాకా మా అమ్మాయి ముప్ఫైసార్లు తిప్పింది. నువ్వూ అలాగే చెయ్యి. గోడ మీద మనిషి మొహం ఎత్తులో సుద్దతో గుండ్రంగా గీసుకో. చెయ్యి చాపి, ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ ఊపుతూ కొట్టు. కొట్టిన వెంటనే పక్కకి జరిగి పరుగెత్తడం కూడా ఆ సాధనలో భాగమే. వాడికి ఏమైందో చూద్దామని నిలబడకు. జనం, వెలుతురు ఉన్న వైపు పరుగెత్తు.

కొనేటప్పుడు గడువు తేదీ చూడు. ఆ తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకో. ఎండలో నిలబడ్డ స్కూటీ డిక్కీలో, కారు డాష్‌బోర్డ్ మీద వదిలెయ్యకు, వేడికి డబ్బా పేలొచ్చు. క్యాబ్ లోపల, అద్దాలు మూసి ఉండగా కొట్టకు. ఆ ఘాటు నీకూ తగులుతుంది, బండి నడిపేవాడికి కళ్లు కనిపించవు.

అన్నిటికంటే ముఖ్యం, క్యాబ్ దిగే ముందే అది నీ చేతిలో ఉండాలి. జేబులో కాదు, బ్యాగులో కాదు, గుప్పిట్లో, లాక్ మీద బొటనవేలితో. ఇది నేను పిన్నీసు దగ్గర నేర్చుకున్నాను. 1986లో కోఠిలో చదువుకుంటున్నాను. మెహదీపట్నం నుంచి వచ్చే బస్సులో రోజూ ఒకడు వెనక నిలబడి ఒరుసుకునేవాడు. పిన్నీసు పెట్టుకోమని మా సీనియర్ చెప్పింది. పెట్టుకున్నాను, ఓణీకి గుచ్చుకుని. మూడు రోజులు వాడు వెనక ఉన్నాడు, పిన్నీసు ఓణీకే ఉంది. తీసి గుచ్చడానికి చెయ్యి రాలేదు. వాడు అరిస్తే? అందరూ నన్నే చూస్తే? సీనియర్‌కి చెప్తే ఒకటే మాటంది, "బస్సెక్కేముందే తెరిచి చేతిలో పట్టుకో, గుచ్చాలా వద్దా అన్నది బస్సులో ఆలోచించకు, ఇంటి దగ్గరే నిర్ణయించుకుని రా." నాలుగో రోజు అలాగే ఎక్కాను. వాడు "అమ్మా" అని అరిచాడు. నేను భయపడ్డట్టే బస్సంతా నా వైపే చూసింది. తప్పు చేసినదానిలా తల దించుకున్నాను. ముందు సీట్లో పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగి, "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. ఆ తర్వాత వాడు ఆ బస్సులో కనిపించలేదు.

నీ దగ్గరికి బైక్ వచ్చిన రోజు నువ్వేం చేశావో ఉత్తరంలో రాయలేదు. గబగబా నడిచి ఉంటావు, ఏమీ విననట్టు. ఆడపిల్లలం చాలామందిమి అదే చేస్తాం. గట్టిగా మాట్లాడితే గయ్యాళి అంటారని, అనవసరంగా అపార్థం చేసుకున్నానేమోనని, అతను నిజంగానే సాయం చేద్దామనుకున్నాడేమోనని. ఈసారి నడక ఆపకుండానే, గట్టిగా, సందులో ఉన్న ఇళ్లన్నిటికీ వినిపించేలా కేక వెయ్యి: "వెళ్లిపో! దగ్గరికి రాకు!" మంచివాడైతే సిగ్గుపడి వెళ్లిపోతాడు, వాడికి వచ్చే నష్టం ఏమీ లేదు. చెడ్డవాడికి కావలసింది చప్పుడు లేని అమ్మాయి. ఈ అరుపును కూడా డాబా మీద సాధన చెయ్యాలి, నిజంగా చెప్తున్నాను. మొదటిసారి గొంతు పెగలదు. మెడలో ఒక విజిల్ వేసుకో, లేదా పిన్ను లాగితే మోగే అలారం తాళాల గుత్తికి తగిలించుకో.

ఫోన్ సంగతి. దిశ ఆ రాత్రి భయమేస్తోందని తన చెల్లెలికి ఫోన్ చేసింది. పోలీసులకి చేయాల్సిందని తర్వాత కొందరు పెద్దలు అన్నారు. ఆ మాట విని నా కడుపు మండిపోయింది. ఇంకా ఏమీ జరగలేదు కదా, పోలీసులకి చేస్తే ఏమనుకుంటారో అనే కదా మనం పెరిగింది? నీకు చెప్తున్నాను, ఏమీ జరగకముందే చెయ్యొచ్చు. అనుమానం వచ్చినా చెయ్యొచ్చు. 112 లేదా 100. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ 2024 మార్చిలో మొదలైంది. 100కి ఫోన్ చేసి 8 నొక్కితే నువ్వు చేరేదాకా నీ ప్రయాణాన్ని వాళ్లు గమనిస్తుంటారు. మామూలు ఫోన్‌తో కూడా పనిచేస్తుంది. ఊరెళ్లినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉంది. పవర్ బటన్ గబగబా నొక్కితే అత్యవసర కాల్ వెళ్తుంది, కొన్ని ఫోన్లలో మూడుసార్లు, కొన్నిట్లో ఐదుసార్లు. నీ ఫోన్‌లో ఎలాగో ఇవాళే సెట్టింగ్స్‌లో చూసుకో. ఆ బైక్ వాడి మీద, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి వాట్సాప్‌లో ఫిర్యాదు పెట్టు. పేరు బయటికి రానివ్వరు. బండి నంబరు గుర్తు లేకపోయినా, తేదీ, టైమ్, చోటు రాయి. నీకు ముందు ఇంకో అమ్మాయి కూడా ఆ సందు గురించే రాసి ఉండొచ్చు.

ఇంతవరకు నీ చేతిలో ఏముండాలో చెప్పాను. కానీ నీ ఉత్తరం చదవగానే నాకు కోపం వచ్చింది బైక్ వాడి మీద కంటే ముందు ఆ క్యాబ్ మీద. రాత్రి పదకొండున్నరకి ఒంటరి ఆడపిల్లను మెయిన్ రోడ్డు మీద దింపేసి వెళ్లిపోతే దాన్ని క్యాబ్ సౌకర్యం అంటారా? 2005లో బెంగళూరులో రాత్రి షిఫ్టుకి బయల్దేరిన కాల్ సెంటర్ ఉద్యోగినిని క్యాబ్ నడుపుతూ వచ్చినవాడే చంపేశాడు. ఐటీ కంపెనీలు రాత్రి బండ్ల గురించి గట్టిగా ఆలోచించింది ఆ తర్వాతే. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం రాత్రి 7 దాటాక, తెల్లవారి 6 లోపు ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత కోసం ప్రభుత్వం పెట్టిన షరతులు యజమాని పాటించాలి. గేటు దాకా దింపమని అడగడానికి నీకు మొహమాటం ఎందుకు?

నోటితో అడగకు, మెయిల్ పెట్టు. హెచ్‌ఆర్‌కి, ట్రాన్స్‌పోర్ట్ చూసేవాళ్లకి, నీ మేనేజర్‌కి ఒకేసారి. ఇలా రాస్తే చాలు: "రాత్రి 11.30కి నన్ను మెయిన్ రోడ్డు మీద దింపుతున్నారు. అక్కడి నుంచి అర కిలోమీటరు చీకటి సందు. ఫలానా తేదీన బైక్ మీద ఒక వ్యక్తి హాస్టల్ గేటు దాకా వెంబడించాడు. క్యాబ్ గేటు దాకా వచ్చి, నేను లోపలికి వెళ్లాకే కదిలేలా ఏర్పాటు చేయండి. కుదరకపోతే కారణం మెయిల్‌లో తెలపండి." ఆ చివరి వాక్యం వదిలెయ్యకు. కాగితం మీద 'కుదరదు' అని రాయడానికి ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. మీ షిఫ్టులో ఇంకో ముగ్గురు అమ్మాయిల పేర్లు కింద చేరితే ఇంకా బలం. సందు ఇరుకైతే, క్యాబ్ తిరగలేకపోతే, హాస్టల్ వాచ్‌మన్‌ని మెయిన్ రోడ్డు దాకా పంపమని హాస్టల్ ఓనర్‌ని అడుగు. అద్దె తీసుకుంటున్నారుగా. వెలగని లైట్ల స్తంభాల మీద నంబర్లు ఉంటాయి, పగలు ఫోటో తీసి మున్సిపాలిటీకి ఫిర్యాదు చెయ్యి. హాస్టల్లో నలుగురు విడివిడిగా చేస్తే నాలుగు ఫిర్యాదులవుతాయి.

ఇంకో మాట, నువ్వు అడగకపోయినా. ఏటా వచ్చే జాతీయ నేర గణాంకాల్లో అత్యాచారం కేసుల నిందితుల్లో నూటికి తొంభై మందికి పైగా ఆ అమ్మాయికి తెలిసినవాళ్లే. స్ప్రే సందులో ఎదురయ్యే అపరిచితుడి మీదే పనికొస్తుంది. "నేను దింపుతాలే" అని రోజూ అడిగే టీమ్ లీడ్ దగ్గర, బాగా తెలిసిన బంధువు దగ్గర నీకు ఇబ్బందిగా అనిపిస్తే, దాన్ని కూడా ఇంతే సీరియస్‌గా తీసుకో, ఇంట్లో చెప్పు.

చెల్లి విషయం. స్ప్రే కొనివ్వొద్దు, పొరపాటున కూడా దాని సూట్‌కేస్‌లో పెట్టొద్దు. ఇంగ్లండ్‌లో పెప్పర్ స్ప్రే 1968 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ కింద నిషేధిత ఆయుధం, తుపాకీతో సమానం. దగ్గర ఉంచుకోవడమే నేరం, జైలు దాకా వెళ్తుంది, చదువూ వీసా అన్నీ చిక్కులో పడతాయి. ఆత్మరక్షణ కోసమే కత్తి పెట్టుకున్నానన్నా అక్కడ ఒప్పుకోరు. అక్కడి పోలీసులు పెట్టుకోమనేది మోగే అలారం ఒక్కటే. అది ఇక్కడే కొనివ్వు. అక్కడ అత్యవసర నంబరు 999. గట్టిగా మాట్లాడలేని పరిస్థితిలో మొబైల్ నుంచి 999 చేసి, అడిగినప్పుడు 55 నొక్కితే మాట లేకుండానే పోలీసులకి కలుపుతారు. ఇది దానికి రెండుసార్లు చెప్పు. (అమెరికా వెళ్లే పిల్లల అమ్మానాన్నలు కూడా ఇదే అడుగుతుంటారు. అక్కడ చాలాచోట్ల స్ప్రే ఉంచుకోవచ్చు కానీ రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. కాలిఫోర్నియాలో డబ్బా రెండున్నర ఔన్సులు మించకూడదు. వెళ్లాక అక్కడే కొనుక్కోవడం మంచిది.)

ఈ ఆదివారం డాబా మీదికి వెళ్లు, రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్లు. గాలి చూసుకోండి, బకెట్‌తో నీళ్లు దగ్గర పెట్టుకోండి. సోమవారం పొద్దున ఆ మెయిల్ పంపు. వాళ్లు ఏం జవాబిచ్చారో నాకు తప్పకుండా రాయి.